వేట బొమ్మలో పేరున్నవాళ్ళు

1902 ఏప్రిల్‌లో వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ దగ్గర తీసిన ఫోటో ఒకటి చరిత్ర పుస్తకాల్లో తరచు కనిపిస్తుంది. వైస్రాయ్ లార్డ్ కర్జన్, ఆయన భార్య మేరీ నిలబడి ఉంటారు. వాళ్ళ ముందు చచ్చిన పులి పడి ఉంటుంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ స్టూడియో తీసిన ఫోటో అది. ఆ పులి తనంతట తాను తుపాకీ ముందుకు రాలేదు. దాని జాడ పట్టినవాళ్ళు, ఎర కట్టినవాళ్ళు, మంచె వేసినవాళ్ళు, డప్పులు కొడుతూ కేకలు వేస్తూ దాన్ని పొదల్లోంచి మంచె వైపు తోలినవాళ్ళు, చచ్చిన తర్వాత మోసుకొచ్చినవాళ్ళు ఎందరో ఉంటేనే అలాంటి వేట సాగుతుంది. వాళ్ళెవరూ ఆ ఫోటోలో లేరు. వేట చిత్రాలను మనం వేట కోసమే చూస్తాం. గుర్రాన్ని, కుక్కల గుంపును, పులి చారలను చూసి మురుస్తాం, లేదా జాలిపడతాం. నేను చెప్పదలచుకున్నది వేరు. వేట చిత్రం ప్రధానంగా భూమి పత్రం. ఈ నేల ఎవరిది, ఈ నేలమీద తిరిగే ప్రాణులు ఎవరివి, ఎవరు పిలిస్తే ఊరు కదిలి రావాలి అన్న సంగతిని అది స్థిరపరుస్తుంది. అందుకే అందులో ఎవరిని పేరుపెట్టి చూపారు, ఎవరిని వదిలేశారు అన్నదే చరిత్రకారుడికి మొదటి ఆధారం కావాలి. ఇంగ్లాండు నక్కవేట చిత్రాలకూ, నిజాం రాజ్యపు పులివేట ఫోటోలకూ, వాటికి ఎన్నో శతాబ్దాల ముందు మన వేములవాడ, గంగాధర ప్రాంతంలో పుట్టిన వేట కథలకూ ఈ కొలత ఒకేలా పనికొస్తుంది.

ముందు ఇంగ్లాండు సంగతి చూడాలి, ఎందుకంటే వేట చిత్రాన్ని ఒక ప్రత్యేక కళగా పెంచి పోషించిన దేశం అదే. 18వ శతాబ్దంలో జాన్ వూటన్, జేమ్స్ సీమోర్, తర్వాత జార్జ్ స్టబ్స్, 19వ శతాబ్దంలో హెన్రీ ఆల్కెన్ వంటివాళ్ళు ఈ బొమ్మలతోనే బతికారు, పేరు తెచ్చుకున్నారు. వాళ్ళకు పని ఇచ్చినవాళ్ళు భూస్వాములు. 1671 నాటి చట్టం ప్రకారం ఏడాదికి కనీసం 100 పౌండ్ల రాబడి వచ్చే సొంత భూమి లాంటి ఆస్తి అర్హతలు ఉన్నవాడికే కుందేళ్ళనూ అడవికోళ్ళనూ వేటాడే హక్కు ఉండేది. ఆ అర్హత నియమం 1831 దాకా నడిచింది. అదే కాలంలో పార్లమెంటు వేలాది చట్టాలతో ఊరి ఉమ్మడి బీళ్ళకు కంచెలు వేయించి, వాటిని సొంత ఆస్తులుగా మార్చింది. లెస్టర్‌షైర్‌లో దుక్కి నేలలు పచ్చిక మైదానాలయ్యాయి. 1753 నుంచి దాదాపు ఐదు దశాబ్దాలు క్వార్న్ వేటదళాన్ని నడిపిన హ్యూగో మెయ్నెల్ వేగంగా పరుగెత్తే కుక్కల జాతిని పెంచడానికి ఆ పచ్చికే వీలు కల్పించింది. కంచెమీదుగా గుర్రం ఎగిరి దూకే దృశ్యం ఆల్కెన్ అచ్చుబొమ్మల్లో పదేపదే వస్తుంది. చూసేవాడికి అది సాహసం. ఆ కంచె ఎప్పుడు పుట్టిందో, దాని లోపల నిన్నటిదాకా ఎవరి ఆవు మేసిందో తెలిసినవాడికి అది మరో కథ. స్టబ్స్ 1762లో వేసిన 'గ్రాస్వెనర్ వేట' నిజానికి జింకవేట చిత్రం. లార్డ్ గ్రాస్వెనర్ గుర్రంమీద ఉంటాడు, నీళ్ళలో దుప్పిని కుక్కలు చుట్టుముడతాయి, వెనక దూరాన చెషైర్‌లో ఆయన ఎస్టేటు నేల పరుచుకుని ఉంటుంది. బొమ్మ కొన్నవాడికి దుప్పి ఎంత ముఖ్యమో వెనకున్న నేల అంతే ముఖ్యం.

ఆ చిత్రాల్లో పేర్లు ఎవరికి దక్కాయో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. యజమానికి పేరుంటుంది, గుర్రానికి పేరుంటుంది, కుక్కకూ ఉంటుంది. 1792లో స్టబ్స్ బ్రాకిల్స్‌బీ వేటదళంలోని 'రింగ్‌వుడ్' అనే కుక్కకు ప్రత్యేకంగా చిత్రం వేశాడు. మనిషికి వేసినంత శ్రద్ధగా వేశాడు. అయితే నక్కవేట సాగాలంటే ముందురోజు రాత్రి ఒక మనిషి పని చేయాలి. నక్క తిండికోసం బయట తిరిగే వేళ అతను లాంతరు పట్టుకుని పొలాల్లో తిరిగి దాని బొరియలన్నీ మూసేయాలి. అప్పుడే తెల్లారాక నక్క నేలలోకి దూరలేక మైళ్ళకొద్దీ పరుగెడుతుంది. అతను పని చేయకపోతే పగటి వేట పావుగంటలో ముగుస్తుంది. అయినా వేట చిత్రాల్లో అతనికి చోటు దొరకడం అరుదు. దొరికినచోట కూడా వేట చిత్రకారుల చేత కాదు. డెర్బీ పట్టణపు జోసెఫ్ రైట్ 1773లో డెర్వెంట్ నది ఒడ్డున లాంతరు వెలుగులో బొరియ మూస్తున్న మనిషిని వేశాడు. వెలుగూ చీకటీ కలిసే దృశ్యాలను ఇష్టపడే చిత్రకారుడు కాబట్టి అతనికి ఆ రాత్రి పని కంటబడింది. ఆ బొమ్మ పేరులో కూడా ఆ మనిషి పేరు లేదు, చేసే పని పేరు మాత్రమే ఉంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. స్టబ్స్ గుర్రపుకాపరులనూ వేట నౌకర్లనూ ఎంతో గౌరవంగా చిత్రించాడు కదా, వాళ్ళ ముఖాల్లో మనిషితనం కనిపిస్తుంది కదా అని కళా చరిత్ర తెలిసినవాళ్ళు అంటారు. నిజమే. 1759–60లో రిచ్‌మండ్ డ్యూక్ కోసం వేసిన చార్ల్‌టన్ వేట చిత్రంలో నౌకర్లు స్పష్టంగా కనిపిస్తారు. గుర్రం శవాలను నెలల తరబడి కోసి చూసి 1766లో 'గుర్రపు శరీర నిర్మాణం' అచ్చువేసిన స్టబ్స్ ఎదుట ఉన్న ఏ ప్రాణినీ తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. అతని పట్ల నా గౌరవం తగ్గదు. కానీ ఆ నౌకర్లు ఒంటిమీద వేసుకున్నది యజమాని ఇచ్చిన ఉడుపు. వాళ్ళు ఆ బొమ్మలో ఉన్నది యజమాని ఇంటివాళ్ళుగా, ఆయన సంపదలో భాగంగా. ఉడుపు లేని కూలి, పంట తొక్కుడుపడ్డ కౌలుదారు ఆ బొమ్మలోకి రారు. చిత్రకారుడి చూపు ఎంత నిజాయితీగలదైనా, చట్రంలోకి ఎవరు రావాలో నిర్ణయించింది చిత్రకారుడు కాదు.

ఈ చిత్రాల పద్ధతి మన దేశానికి పుస్తకాల ద్వారా వచ్చింది. బెంగాల్ సైన్యంలో పనిచేసిన థామస్ విలియమ్సన్ రాతలకు శామ్యూల్ హోవిట్ బొమ్మలు వేయగా, 1807లో లండన్‌లో ఎడ్వర్డ్ ఓర్మ్ 'ఓరియెంటల్ ఫీల్డ్ స్పోర్ట్స్' అనే పెద్ద పుస్తకాన్ని 40 రంగు బొమ్మలతో అచ్చువేశాడు. హోవిట్ భారతదేశానికి రానేలేదు. విలియమ్సన్ గీతలను చూసి, ఇంగ్లాండు వేట చిత్రాల చట్రంలోనే పులులనూ పందులనూ ఏనుగులనూ అమర్చాడు.  వేట ఆచారం కూడా ఓడెక్కి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊటీలో 19వ శతాబ్దంలో ఇంగ్లీషు దొరలు ఎర్రకోట్లు వేసుకుని, ఇంగ్లాండు జాతి కుక్కలతో వేటదళం నడిపారు. అక్కడ ఇంగ్లాండు నక్క దొరకదు కాబట్టి, మన ఊళ్ళ శివార్లలో రాత్రిళ్ళు ఊళవేసే నక్కనే తరిమారు. వేటాడే జంతువు మారినా కోటు మారలేదు, వరస మారలేదు, మైదానం తమదన్న ధీమా మారలేదు. నీలగిరి గడ్డిబయళ్ళు అక్కడి తోడా తెగవాళ్ళవీ వాళ్ళ పశువులవీ అన్న సంగతికి ఆ వేటలో విలువ లేదు.

నిజాం రాజ్యంలో ఈ కథ మరింత చిక్కగా సాగింది, ఎందుకంటే ఇక్కడ రెండు దొరతనాలు ఒకే అడవిలో కలుసుకున్నాయి. 1866లో పుట్టి, మూడేళ్ళు నిండకముందే గద్దెకు వారసుడై, 1884లో లార్డ్ రిపన్ చేతులమీదుగా పూర్తి అధికారాలు పొందిన మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో దిట్టగా పేరు పొందాడు. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో కెమెరా చేతపట్టిన దీన్‌దయాళ్ ఆయన ఆస్థానంలో చేరి, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందాడు. ఆ స్టూడియో తీసిన నిజాం వేట ఫోటోల్లో డేరాలు, ఏనుగులు, వరసగా పరిచిన పులులు, అతిథులు కనిపిస్తారు. నెక్కొండ రైలు మార్గంమీద ఉంది, పాఖాల అడవులు దగ్గర. కాకతీయుల కాలంలో కట్టిన పాఖాల చెరువు చుట్టూ ఉన్న ఆ అడవి నిజాం వేటకు కేటాయించిన అడవి. వైస్రాయ్‌ని అక్కడికి తీసుకెళ్ళడం మర్యాద. కానీ ఆ వసంతంలో జరిగింది మర్యాద ఒక్కటే కాదు. 1902 మార్చి చివర హైదరాబాదులో కర్జన్, నిజాంతో ముఖాముఖి మాట్లాడి బేరార్ సంగతి తేల్చాడు. 1853లో డల్హౌసీ కాలంలో ఇంగ్లీషువాళ్ళ చేతికి అప్పగించిన ఆ పత్తి నేలలను ఏడాదికి 25 లక్షల రూపాయల చొప్పున శాశ్వత కౌలుకిచ్చేట్టు నిజాంను ఒప్పించాడు. ఒప్పందంమీద సంతకాలు నవంబరులో పడ్డాయి. మార్చిలో మాట, ఏప్రిల్‌లో పులి, నవంబరులో సంతకం. ఈ మూడింటిలో జనం గుర్తుంచుకున్నది పులినే. ఆ ఫోటోను ఒక జంతువును చంపిన జ్ఞాపకంగా మాత్రమే చూస్తే దాని చుట్టూ చేతులు మారిన నేల మన కంటికి ఆనదు.

పులిని తోలే పనిని హైదరాబాదు రాజ్యంలో 'హాకా' అనేవారు. అడవి ఒక వైపున జనం బారులు తీరి, డప్పులూ తాళాలూ మోగిస్తూ, చెట్లను కర్రలతో కొడుతూ ముందుకు కదులుతారు. రెండో వైపున మంచెమీద తుపాకులు కాచుకుని ఉంటాయి. పులి ఎటు తిరిగినా మొదట ఎదురయ్యేది చేతిలో కర్ర తప్ప మరేమీ లేని మనిషే. గాయపడ్డ పులి వెనక్కి తిరిగితే ఆ మనిషికి దిక్కులేదు. ఇంత ప్రమాదకరమైన పనికి మనుషులను కూడగట్టింది పటేళ్ళు, పట్వారీలు. వాళ్ళ పిలుపుకి ఎదురు చెప్పే వీలు లేకపోవడానికి కారణం వెట్టి వ్యవస్థ. అధికారి ఊరికి వస్తే సామాను మోయడం, కట్టెలు కొట్టడం, నీళ్ళు తేవడం, కోళ్ళూ మేకలూ ఇవ్వడం కులాలవారీగా విధిగా ఉండేది. మాదిగ ఇంటినుంచి ఒక మనిషి ఎప్పుడూ వెట్టికి సిద్ధంగా ఉండాల్సిందే. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ నాటినుంచి తెలంగాణ రాజకీయాల్లో పదేపదే వినిపించిన ఫిర్యాదు ఈ వెట్టే. వేట ఫోటోను వెట్టి చరిత్రతో కలిపి చదవకపోతే సగం ఫోటోనే చదివినట్టు.

'కెమెరాకు పరిమితులుండేవి, ఆ రోజుల్లో కదిలే గుంపును తీయడం కష్టం, అందుకే చచ్చిన పులీ నిలబడ్డ మనుషులూ మాత్రమే మిగిలారు' అని ఎవరైనా అనవచ్చు. ఈ వాదన నిలవదు. వందలమందిని వరసల్లో నిలబెట్టి దర్బారు ఫోటోలు, పటాలాల ఫోటోలు తీసిన స్టూడియో అది. అంతకన్నా గట్టి సాక్ష్యం మరొకటుంది. 1899–1900 కరువులో ఔరంగాబాద్ వైపు నిజాం ప్రభుత్వం చేపట్టిన సహాయ పనులను దీన్‌దయాళ్ స్టూడియో ఫోటోలు తీసి ఆల్బమ్‌గా కూర్చింది. ఎముకలు తేలిన మనుషులు, గంజి కోసం కూర్చున్న పిల్లలు, పనిస్థలాల్లో కూలీలు అందులో ఉన్నారు. అంటే పేదవాడిని చూపే శక్తి ఆ కెమెరాకు ఉంది, చూసే కన్ను ఆ ఫోటోగ్రాఫర్‌కు ఉంది. ప్రభువు దాతృత్వాన్ని చూపాల్సి వచ్చినప్పుడు పేదవాడు చట్రంలోకి వచ్చాడు. ప్రభువు పరాక్రమాన్ని చూపాల్సి వచ్చినప్పుడు అదే పేదవాడు చట్రం బయట ఉండిపోయాడు. రెండు సందర్భాల్లోనూ కెమెరా ఒకటే, కాలమూ ఇంచుమించు ఒకటే. మారింది ఫోటో తీయించడానికి కారణం.

దీనికన్నా బరువైన అభ్యంతరం పులుల వల్ల జనం పడ్డ బాధ. పశువులను ఎత్తుకుపోయే పులి, మనిషిని చంపిన పులి తెలంగాణ పల్లెలకు కట్టుకథ కాదు. అలాంటి పులిని చంపినవాడికి ఊరు మొక్కుతుంది. మహబూబ్ అలీ ఖాన్ మీద జనంలో ఉన్న అభిమానంలో ఈ కృతజ్ఞత పాలు కూడా ఉంది. దాన్ని తీసిపారేయకూడదు. ఇంగ్లాండులోనూ నక్క గొర్రెపిల్లలనూ కోళ్ళనూ తినే చీడ అన్న మాటే వేటకు సమర్థన. 1786లో అక్కడి కోర్టు, హానికర జంతువును తరుముతూ పరుల పొలంలోకి వెళ్ళినా తప్పు కాదంది. కానీ 1809లో ఎసెక్స్ ప్రభువు, కేపెల్ మీద వేసిన దావాలో, ఈ వేట హానిని తొలగించడానికి కాదు, వినోదం కోసమే కాబట్టి అతిక్రమణ అతిక్రమణే అని తేలింది. నిజానికి వేటదళాలవాళ్ళు నక్కలు తగ్గకుండా పొదలు పెంచేవారు. తగ్గినచోట బయటి దేశాలనుంచి కొనితెచ్చి వదిలేవారు. నక్కను తుపాకీతో కాల్చి చంపిన రైతును ఆ భూస్వాములు నీచుడిగా చూసేవారు. చీడను ఎవరూ పెంచి పోషించరు. నిజాం రాజ్యంలోనూ ఇదే జరిగింది. ప్రభువుల షికారు కోసం అడవులను కేటాయించినప్పుడు అక్కడ ఊరివాడి తుపాకీకి, ఉచ్చుకు చోటు లేదు. పులి నుంచి ఊరిని కాపాడటమే ఉద్దేశమైతే పులులు పెరిగే అడవిని ఊరివాళ్ళనుంచి కాపాడాల్సిన పని ఏముంది? మనుషులను తినే పులిని చంపిన సందర్భం వేరు, అతిథి కోసం పులిని సిద్ధంగా ఉంచిన సందర్భం వేరు. ఫోటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, అదే దాని బలం. ఆ షికారు అడవులే తర్వాత అభయారణ్యాలయ్యాయి. పాఖాల, పోచారం 1952లోనే ఆ జాబితాలో చేరాయి. వేట కోసం దాచిన అడవి వేట లేని కాలానికి మిగలడం మేలే. అయితే ఊరివాడిని బయట ఉంచే గీత మాత్రం అప్పుడు గీసిందే.

ఇదంతా ఇంగ్లీషువాళ్ళ ప్రభావమేనా, మన సంప్రదాయం వేరా? ఈ ప్రశ్నకు జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. సిరిసిల్ల జిల్లా బోయినపల్లి మండలానికి ఒకవైపు వేములవాడ, మరోవైపు గంగాధర. 10వ శతాబ్దంలో ఈ నేల వేములవాడ చాళుక్యులది, వాళ్ళపైన రాష్ట్రకూటులు. రెండవ అరికేసరి ఆస్థానంలో పంప మహాకవి 941లో కన్నడంలో 'విక్రమార్జున విజయం' రాశాడు. తన రాజునే అర్జునుడిగా నిలబెట్టి భారత కథ చెప్పాడు. కిరాతుడి వేషంలోని శివుడితో పందికోసం తలపడే అర్జునుడి పరాక్రమం ఆ కావ్యంలో రాజుగారి పరాక్రమమే. అదే కాలంలో రాష్ట్రకూట మూడవ కృష్ణుడి ఏలుబడిలోనే, కర్ణాటకలోని ఆతకూరులో 949–50 ప్రాంతంలో ఒక రాయి నిలిచింది. కాళి అనే వేటకుక్క ఒక పెద్ద పందితో పోరాడి, రెండూ చచ్చాయి. మణలేరుడనే వీరుడు ఆ కుక్క పేరిట శిల్పం చెక్కించి, దానికి భూమి కూడా ఇప్పించాడు. స్టబ్స్ రింగ్‌వుడ్‌కు ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ముందే మన దక్కనులో వేటకుక్కకు పేరుతో బొమ్మ ఉంది. ఆ పందిని పొదల్లోంచి లేపిన మనుషులకు మాత్రం ఇక్కడా పేరు లేదు. యజమానికి, అతని కుక్కకు, అతను ఇచ్చిన భూమికి రాయిమీద చోటు దొరికింది. ఇంగ్లీషువాళ్ళు మనకు వేట చిత్రం పద్ధతిని నేర్పి ఉండవచ్చు గానీ, దాని లోపలి లెక్కను నేర్పాల్సిన అవసరం రాలేదు.

అయితే అదే నేలమీద దానికి పూర్తిగా ఎదురు నిలిచిన రచన కూడా పుట్టింది. ఈ ప్రాంతంవాళ్ళు దాని గురించి ఎక్కువ చెప్పుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. శక సంవత్సరం 881లో, అంటే క్రీ.శ. 959లో, అరికేసరి కొడుకు వాగరాజు కాలంలో గంగాధరలో జైన పండితుడు సోమదేవసూరి సంస్కృతంలో 'యశస్తిలకం' పూర్తిచేశాడు. పంప తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్టమీద తెలుగు కంద పద్యాలతో శాసనం చెక్కించిన గంగాధర ఇదే. యశస్తిలకంలో యశోధరుడనే రాజు తల్లి మాట తీసెయ్యలేక, ప్రాణమున్న కోడికి బదులు పిండి కోడిని బలిస్తాడు. ఆ సంకల్ప దోషానికే తల్లీకొడుకులు జన్మ తర్వాత జన్మ జంతువులుగా పుడతారు. నెమలిగా, కుక్కగా, చేపగా, మేకగా పుట్టి చస్తుంటారు. చివరికి కోళ్ళుగా పుట్టినప్పుడు, చప్పుడు వినపడ్డ వైపు గురిపెట్టి కొట్టే తన విద్యను చూపడానికి సొంత కొడుకే బాణం వేసి వాళ్ళను చంపుతాడు. రాజు విలువిద్యకు ఆనవాలుగా నిలిచే బాణం చివర ఎవరున్నారో చెప్పడానికి ఆ కథ పుట్టింది. పంప అర్జునుడూ సోమదేవుడి కోళ్ళూ ఇరవయ్యేళ్ళ తేడాతో ఒకే రాజవంశం నీడలో తయారయ్యాయి. 966లో మూడవ అరికేసరి వేములవాడలోని జైనాలయం కోసం సోమదేవుడికే ఊరు దానమిచ్చాడు. ఆ రాజవంశం పంపనూ సోమదేవుణ్ణీ ఇద్దరినీ ఆదరించింది. బాణం వైపునుంచి చెప్పిన కథ మాత్రమే ఆస్థానాలకు అనుకూలం అని మనం తేలిగ్గా అనుకోకూడదని ఈ సాక్ష్యం చెబుతుంది.

వేటకు అనుకూలంగా మన శాస్త్రాలు చెప్పిన మాట కూడా ఉంది. కౌటిల్యుడు రాజుల వ్యసనాల్లో వేటను లెక్కించినా, జూదంకన్నా వేట నయమంటాడు. ఒంట్లో కొవ్వు కరుగుతుంది, కదిలే గురిని కొట్టే నేర్పు వస్తుంది, జంతువుల మనసు తెలుస్తుందని కారణాలు చెబుతాడు. ఇందులో ఒక్క మాటా తప్పు కాదు. కానీ ఈ లెక్కలో ఉన్నది రాజు శరీరం, రాజు నేర్పు. వేటకు కదిలిన ఊరు ఎంత నష్టపోయిందన్నది ఈ వాదంలోకి రాదు. తెలుగు కవులు కొంత భిన్నంగా చూశారు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేటను జాగిలాలతో, వలలతో, వేటగాళ్ళతో సహా విస్తారంగా వర్ణించాడు. అదే కావ్యంలో లేడి నోరు విప్పి మాట్లాడుతుంది. ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో బోయ తిన్నడు (కన్నప్ప) ఉన్నాడు, వేట అతని పుట్టుకతో వచ్చిన బతుకు. కిరాతుడికీ కన్నప్పకూ గుడిగోడల్లో ఇంత చోటిచ్చిన సంప్రదాయం వేటగాణ్ణి మరిచిందని ఎలా అంటారు అని అడగవచ్చు. లేపాక్షి కప్పుమీద కిరాతార్జునుల రంగుబొమ్మలు అందరూ చూసినవే. కానీ ఆ కిరాతుడు వేటగాడు కాదు, వేటగాడి వేషంలో ఉన్న శివుడు. కన్నప్పను శిల్పులు ఎక్కువగా చూపేది శివలింగంమీద కాలు మోపి కన్ను పెకలించుకునే క్షణంలో, పందిని కొట్టే క్షణంలో కాదు. వేటమీద బతికిన కులాలకు గుడిగోడ మీద చోటు దొరికింది భక్తి ద్వారా. తమ పనితో, తమ పేరుతో దొరకలేదు.

సొంత డబ్బుతో, సొంత కథతో బొమ్మ వేయించుకున్న కులాలూ ఈ ప్రాంతంలో ఉన్నాయి. సిరిసిల్ల, కోరుట్ల వంటి పట్టణాల్లో మగ్గంమీద బతికిన పద్మశాలీలకు కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం కథను పొడవైన బట్టమీది బొమ్మలు చూపుతూ చెబుతారు. ఆ పటాలు వేసేవాళ్ళు చేర్యాల నకాషీలు. ఆ కథలో పద్మశాలీల మూలపురుషుడు భావనాఋషి పులినెక్కి తిరుగుతాడు, రాక్షసుడితో పోరాడతాడు. కర్జన్ ముందు చచ్చిపడిన జంతువే సాలెవాడి పటంలో వాహనం. దీన్నిబట్టి సాలెవాళ్ళకు అడవిమీద ప్రేమ ఎక్కువని నేను అనడం లేదు. పటం వేయించిన కులం తన గొప్పను చూపుకుంటుంది, అది సహజం. మా మూలపురుషుడికి పులి లొంగిందని చెప్పుకోవడం కూడా ఒక రకం అధికార ప్రకటనే. ఎవరు డబ్బిస్తే బొమ్మ వాళ్ళదన్న నియమం ఇక్కడా చెల్లింది. తేడా ఒక్కటే. ఈ పటం ఎవరినీ వెట్టికి పిలవలేదు. ఊరి మధ్య రాత్రంతా విప్పి చెప్పారు, అందరూ చూశారు. దొర నివసించే గడి లోపల గోడమీద వేలాడిన వేట ఫోటోను ఊరివాడు చూసే వీలే లేదు. చూసినా పనికి వెళ్ళినవాడిగా చూశాడు.

ఈ తేడా చివరికి రాజకీయంగా బయటపడింది ఈ తాలూకాల్లోనే. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చి దొరల షికారు ముగిసింది, కానీ గడి అధికారం వెంటనే పోలేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రలో వేలమంది కూలీలు, రైతులు కదిలారు. వెట్టి పోవాలి, కూలి పెరగాలి, దొరలు ఆక్రమించిన బంజరు భూములు తిరిగి రావాలి అన్నవి వాళ్ళ కోరికలు. ఆ అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరలు గడులు విడిచి పట్నం చేరారు. భూమి గురించి వేట చిత్రం మౌనంగా చెప్పిన మాటను ఈ ప్రాంతపు కూలీలు గట్టిగా కాదన్నారు. ఇంగ్లాండులోనూ కుక్కలతో నక్కలను వేటాడటం 2004 చట్టంతో నిషేధమైంది. అక్కడి వేట చిత్రాలు మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. వాటి వెనకున్న కంచెల చట్టాల మీద, కోర్టు తీర్పుల మీద, వేట నౌకర్ల మీద పరిశోధన కూడా సాగుతోంది. మన దగ్గర బొమ్మ మిగిలినా దాని వెనక సంగతి మిగలడం లేదు.

సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కావ్యాల్లోని వర్ణనలను సామాన్యుల జీవితానికి ఆధారాలుగా చదివే దారి చూపారు. ఆ దారి ఫోటోలకూ వర్తిస్తుంది. పాడుబడిన గడుల్లో, వలస వెళ్ళిన కుటుంబాల పెట్టెల్లో, పాత స్టూడియోల నెగటివుల్లో ఇంకా వేట ఫోటోలు మిగిలి ఉంటాయి. బోయినపల్లి మండలం మాన్వాడ దగ్గర మధ్య మానేరు జలాశయం నిండినప్పుడు ఊళ్ళకు ఊళ్ళే నీటిలో కలిశాయి. ఇళ్ళతోపాటు గోడలమీది పటాలూ చెదిరిపోయాయి. మీ ఇంట్లో గానీ మీ ఎరుకలో గానీ అలాంటి ఫోటో ఉంటే, తుపాకీ పట్టుకున్నది ఎవరన్న దానితో ఆపకండి. అది ఏ అడవి, ఏ ఊరి శివారు, హాకాకు ఏ వాడలవాళ్ళు వెళ్ళారు, కూలి ముట్టిందా, ఎవరైనా గాయపడ్డారా, ఆ పక్క భూమి అప్పుడు ఎవరి పట్టాలో ఉంది, ఈ సంగతులు తెలిసిన ముసలివాళ్ళను అడిగి ఫోటో వెనక పెన్సిలుతో రాసిపెట్టండి. ఒక నకలు జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి.